అనుమతి పత్రం గల ఓడదొంగ: రొబేర్ సుర్కూఫ్ జీవితం

కళింగపట్నంలో వంశధార సముద్రాన్ని చేరే చోట నిలిచి తూర్పు దిక్కుకు చూచినప్పుడు నేడు మనకు చేపల పడవలు తప్ప వేరే ఓడలు కనిపించవు. దర్గా ఉన్నది, దీపస్తంభం ఉన్నది. రేవు మాత్రం పేరులోనే మిగిలినది. కాని రెండు వందల ఏండ్ల క్రిందట ఈ నీటి మీద రాకపోకలు విస్తారంగా ఉండేవి. వంగదేశపు బియ్యం నింపుకొని హుగ్లీ ముఖద్వారం నుండి మద్రాసుకు దిగే ఓడలు మన తీరాన్ని కుడిచేతి వైపు ఉంచుకొని సాగేవి. ఆ ఓడల కోసం పొంచి ఉన్నవారిలో అందరికంటె పేరు మోసినవాడు ఒక ఫ్రెంచి నావికుడు. అతని పేరు రొబేర్ సుర్కూఫ్. స్వదేశంలో అతడు వీరుడు; అతని చేత చిక్కిన వర్తకుల లెక్కలో దొంగ. ఈ రెండు మాటలకు నడుమ నున్నది ఒక కాగితం మాత్రమే. అతని జీవితమంతా ఆ కాగితం చుట్టూ తిరిగినది గనుక దానిని మా విద్యార్థి మిత్రుల ఎదుట ఉంచదలచినాము.

ఆ కాగితాన్ని లెటర్ ఆఫ్ మార్క్ అనేవారు. యుద్ధ సమయంలో ప్రభుత్వం సొంత ఓడ గల వ్యక్తికి శత్రుదేశపు వర్తకపు ఓడలను పట్టుకొనుటకు ఇచ్చే అనుమతి అది. జీతం లేదు. పట్టిన ఓడను రేవుకు తెచ్చి న్యాయస్థానం ఎదుట నిలపవలెను. పట్టుకొనుట సక్రమమేనని తీర్పు వచ్చిన పిమ్మట సరుకును వేలం వేసి ప్రభుత్వపు వంతు, యజమానుల వంతు, నావికుల వంతు పంచేవారు. అనుమతి లేక అదే పని చేసినవానికి ఉరికొయ్య సిద్ధం. ఖజానా వట్టిపోయిన ప్రభుత్వానికి ఇది చౌకబేరమే. ఖర్చు వర్తకునిది, ప్రాణం నావికునిది, శత్రువుకు కలిగిన నష్టం మాత్రం తన ఖాతాలోనిది.

సుర్కూఫ్ 1773 డిసెంబరు 12న ఫ్రాన్సు దేశపు సేంట్ మాలో రేవులో జన్మించినాడు. ఆ ఊరు ఓడల మీద బ్రతికిన ఊరు. తల్లిదండ్రులు కుమారుణ్ణి మతగురువుగా చూడదలచినారు. కుమారుడు బడి నుండి పారిపోయినాడు. పదమూడేండ్ల ప్రాయంలో ఓడ ఎక్కినాడు. 1789లో ఓరోర్ అనే ఓడ మీద హిందూ మహాసముద్రానికి వచ్చినాడు. ఆ ఓడ ఆఫ్రికా తీరంలో బానిసలను ఎక్కించుకొని పోతూ తుపానులో చిక్కినప్పుడు, అడుగు అంతస్తులో బంధింపబడి ఉన్నవారు బయటపడే దారి లేక మునిగి చనిపోయినారు. ఆ దృశ్యం ఆ బాలుని మనస్సును మార్చినదని వ్రాయగలిగితే మాకు సంతోషంగా ఉండేది. కాని మార్చలేదు. 1794లో ఫ్రెంచి ప్రభుత్వం బానిసత్వాన్ని రద్దు చేసిన తరువాత కూడ అతడు క్రియోల్ అనే ఓడకు నాయకుడై దొంగచాటుగా బానిసలను చేరవేసినాడు. నేటి మాటలలో చెప్పవలెనంటే మనుష్యుల అక్రమ రవాణా. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. మళ్ళీ దీని పని పడుతుంది.

మారిషస్‌కు అప్పటి పేరు ఈల్ ద ఫ్రాన్స్. 1795లో ఆ ద్వీపపు గవర్నరు మలార్తిక్‌ను సుర్కూఫ్ అనుమతి పత్రం అడిగినాడు. గవర్నరు నిరాకరించినాడు. ద్వీపాన్ని కాచుకొనుటకే జనం చాలనప్పుడు నావికులను వేటకు పంపుట అతనికి ఇష్టం లేకపోయినది. సేషెల్స్ దీవుల నుండి ఆహార పదార్థాలు తెచ్చుటకు మాత్రం ఎమిలీ అనే చిన్న ఓడకు సెలవిచ్చినాడు. దారిలో ఆంగ్లేయుల ఓడలు కనిపించుటతో సుర్కూఫ్ తప్పించుకొని తూర్పుకు మళ్ళినాడు. మళ్ళినవాడు తిన్నగా బంగాళాఖాతానికి వచ్చినాడు. తప్పించుకొనుటకు అంత దూరం రానక్కరలేదని మా అభిప్రాయం. 1796 జనవరిలో హుగ్లీ ముఖద్వారం దగ్గర బియ్యపు ఓడలను పట్టినాడు. వాటికి దారి చూపే పైలట్ల ఓడను కూడ పట్టి దానినే తన ఓడగా చేసుకొన్నాడు. పైలటు ఓడ వచ్చుట చూచి ఏ నావికుడు భయపడతాడు? జనవరి 29న బాలాసోరు దగ్గర ట్రిటన్ అనే కంపెనీ ఓడ లంగరు వేసి ఉన్నది. 26 ఫిరంగులు, నూట యాభైమంది వరకు జనం. సుర్కూఫ్ వద్ద పాతికమందికి అటూ ఇటూగా మాత్రమే ఉన్నారు. పైలటు ఓడ వేషంలో ప్రక్కకు చేరి, చివరి క్షణంలో జెండా మార్చి, పైకి దూకి ఆ ఓడను వశపరచుకొన్నారు. దాని కప్తాను ఆ పోరులో మరణించినాడు.

పట్టిన ఓడలతో ద్వీపం చేరిన సుర్కూఫ్‌కు ఊరు స్వాగతం పలికినది. ప్రభుత్వం మాత్రం సరుకంతా స్వాధీనం చేసుకొన్నది. పత్రం లేనివానికి వంతు లేదు. విచిత్రమేమనగా పత్రం లేకుండ పట్టిన సరుకును ప్రభుత్వం తన కొరకు ఉంచుకొనుటకు వెనుదీయలేదు. బియ్యం పోగొట్టుకొన్న వర్తకునికి తిరిగి ఇవ్వవలెనన్న ఆలోచన ఎవరికీ రాలేదు. సుర్కూఫ్ పారిస్ వెళ్ళి వాదించినాడు. 1797లో ఫ్రెంచి ప్రభుత్వం అతని పక్షాన నిర్ణయించి పరిహారం ఇచ్చినది. ఒకే పని గవర్నరు దృష్టిలో నేరం, రాజధానిలో పరాక్రమం. తరువాత క్లారిస్, కాన్ఫియాన్స్ అనే ఓడల మీద అతడు పత్రం జేబులో పెట్టుకొనియే బయలుదేరినాడు. 1800 అక్టోబరు 7న హుగ్లీకి చేరువలో నాలుగు వందలకు పైగా జనమున్న కెంట్ అనే పెద్ద ఓడను కాన్ఫియాన్స్ పట్టుకొన్నది. ఆ విజయమే అతనికి ధనాన్నీ కీర్తినీ తెచ్చినది. స్వదేశం చేరి వివాహం చేసుకొన్నాడు. నెపోలియన్ యుద్ధనౌకల నాయకత్వం ఇవ్వజూపినా, పైవాని ఆజ్ఞకు లోబడి ఉండవలసి వస్తుందని స్వీకరించలేదు.

ఈ నిరాకరణను మన తీరపు ఒక సంఘటనతో పోల్చి చూడవచ్చును. 1804 సెప్టెంబరు 15న ఫ్రెంచి నౌకాధిపతి లినోవా మూడు యుద్ధనౌకలతో విశాఖపట్నం రేవు మీదికి వచ్చినాడు. సెంచూరియన్ అనే ఆంగ్ల యుద్ధనౌక దెబ్బలు తింటూ ఒంటరిగా ఎదిరించినది. లినోవా ఒక వర్తకపు ఓడను పట్టుకొని, మరొకటి ఒడ్డుకెక్కి పగిలిపోగా, వెనుదిరిగినాడు. అది జీతగాళ్ళ యుద్ధం. సుర్కూఫ్ వంటివానికి అందులో లాభం లేదు. యుద్ధనౌక కనిపించినప్పుడు పారిపోవుటయే అతని వృత్తికి తగిన తెలివి. ఇదే సెంచూరియన్‌తో 1794లో మారిషస్ దగ్గర అతడు ఫ్రెంచి నౌకాదళపు ఓడ మీద నుండి పోరాడి ఉన్నాడు. ఆ రుచి అతనికి తెలియనిది కాదు.

1807లో రెవెనాంట్ అనే పదునెనిమిది ఫిరంగుల ఓడతో తిరిగి వచ్చినాడు. సెప్టెంబరు నెలాఖరున విశాఖపట్నం ఎదుటి సముద్రంలో ట్రఫాల్గర్, మాంగిల్స్ అనే ఓడలను, వెంటనే అడ్మిరల్ ఆప్లిన్ అనే ఓడను పట్టినాడు. మూడింటిలో కలిపి సుమారు ముప్పయి వేల బస్తాల బియ్యం. తరువాతి వారాలలో మరికొన్ని బియ్యపు ఓడలు చిక్కినవి. కలకత్తా వర్తకులు తమ నౌకాదళం కాపాడలేదని లండనుకు మొర పెట్టుకొన్నారు. కాని మద్రాసు ప్రాంతం 1806-07లో కరవుతో అల్లాడినదని, ఆ కాలాన వంగదేశపు బియ్యం అక్కడికి ఆధారమని తెలిసినవారికి ఈ బస్తాల లెక్క వేరుగా కనిపిస్తుంది. అటు మారిషస్ ద్వీపం కూడ బయటి తిండి మీదనే బ్రతికేది. అక్కడి ఆకలి కూడ నిజమే. ఒక ఆకలి నోటి ముద్ద మరొక ఆకలికి పోయినది, నడుమ వేలంపాట జరిగినది. ఇటువంటి దేశీయ వర్తకపు ఓడలను నడిపిన లష్కర్లు, వారిలో అనేకులు ముస్లింలు, ఏ రాజ్యపు యుద్ధంతోనూ సంబంధం లేనివారు. ఫ్రెంచి వీరగాథలలో వారి పేర్లు లేవు.

ఆ మరుసటి యేడు గవర్నరు దెకాన్ రెవెనాంట్‌ను ప్రభుత్వపు నౌకగా స్వాధీనం చేసుకొన్నాడు. సుర్కూఫ్ షార్ల్ అనే ఓడ మీద ఇంటిముఖం పట్టి 1809 ఫిబ్రవరిలో సేంట్ మాలో చేరినాడు. ఆ షార్ల్ మరేదో కాదు. 1804లో విశాఖపట్నం మీదికి వచ్చిన సెమియాంత్ అనే యుద్ధనౌకయే, పాతబడి అమ్ముడుపోయి పేరు మార్చుకొన్నది.

ఈ పాత కథను ఇప్పుడు తవ్వుటకు కారణమున్నది. 1856లో పారిస్ ప్రకటన ద్వారా ఐరోపా రాజ్యాలు ఈ అనుమతులను రద్దు చేసినవి. అమెరికా ఆ ప్రకటనలో చేరలేదు, దాని రాజ్యాంగంలో ఈ అధికారం కాంగ్రెసుకు ఉన్నది. 2001 దాడుల తరువాత ఉగ్రవాదుల మీద దానిని ప్రయోగించవలెనని అక్కడ ఒక బిల్లు వచ్చినది, చట్టం కాలేదు. 2025లో మాదకద్రవ్యాల ముఠాల మీద ప్రయోగించుటకు మరొక బిల్లు ప్రవేశపెట్టినారు. ప్రభుత్వపు బలగాలు చేరలేని చోటికి లాభాపేక్ష గల సాహసి చేరగలడని దాని వెనుకనున్న ఆశ. సుర్కూఫ్ సాహసాన్ని ఎరిగినవారు ఆ ఆశను ఎగతాళి చేయలేరు. అయినను మాకు సందేహమే. వర్తకపు ఓడకు జెండా ఉన్నది, సరుకు పత్రాలున్నవి, పట్టుకొన్నది న్యాయమా కాదా అని విచారించుటకు ఆధారమున్నది. ముఠాకు జెండా ఎక్కడిది? చేపల పడవలో నున్న జాలరి ముఠావాడా కాదా అని నడి సముద్రంలో తేల్చేవాడు ఎవరు? అందులోను తేల్చేవానికి వంతు ఉన్నప్పుడు! మరొకటి. ఈ పనికి చాలిన ధైర్యమూ దారుల పరిచయమూ గలవాడు తరచుగా ఆ దారిలోనే తిరిగినవాడై ఉంటాడు. అనుమతి అడుగుటకు ఒక్క యేడు ముందు సుర్కూఫ్ చేసిన వ్యాపారమేదో పైన చెప్పినాము.

బంగాళాఖాతంలో ఈ వేట ఆగినది మరొక పత్రధారి వలన కాదు. 1810 డిసెంబరులో ఆంగ్లేయులు మారిషస్‌ను జయించినారు; పట్టిన ఓడను అమ్ముకొనుటకు రేవు లేకపోగా వేటగాండ్లు కూడ లేకపోయినారు. సుర్కూఫ్ సేంట్ మాలోలో ఓడల యజమానిగా జీవించినాడు. అతడు పంపిన ఓడలలో బానిసల వ్యాపారానికి పోయినవి కూడ ఉన్నవి. 1827 జూలై 8న మరణించినాడు. అతని విగ్రహం ఆ ఊరి కోటగోడ దగ్గర సముద్రం వైపు చేయి చాచి నిలిచి ఉన్నది. అతడు పోయిన పదేండ్లు తిరుగకుండనే, బానిసత్వం రద్దయిన మారిషస్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా మన తెలుగు తీరం నుండి జనం ఓడలెక్కినారు. వారు దిగిన పోర్ట్ లూయీ రేవు ఒకప్పుడు మన సముద్రంలో పట్టిన బియ్యపు ఓడలు చేరిన రేవే.