చాసో కథలో పొలం

చాసోగా ప్రసిద్ధులైన చాగంటి సోమయాజులు 1915లో శ్రీకాకుళంలో జన్మించారు. దత్తతపై విజయనగరం చేరి, జీవితమంతా అక్కడే గడిపారు. శ్రీరంగం నారాయణబాబు, రోణంకి అప్పలస్వామి ప్రభృతుల సాహచర్యంలో తొలుత కవిత్వం వ్రాసినా, 1940ల నుండి కథయే ఆయన ప్రధానప్రక్రియ అయింది. అభ్యుదయ రచయితల సంఘంతో అనుబంధం కడదాకా నిలిచింది.

భూవసతి గల కుటుంబంలో పెరిగిన ఈ రచయిత పొలాన్ని భూస్వామి కన్నుతో గాక కూలిబిడ్డ కన్నుతో చూడటం గమనార్హం. 'కుంకుడాకు' కథలో ఒక పేదపిల్ల పొయ్యిలోకి ఆకూ అలమూ ఏరుకోవడానికి పొలాల వెంట తిరుగుతుంది. రాలిన ఆకు ప్రకృతి ఇచ్చినదే. కాని చెట్టుకు యజమాని ఉన్నాడు. అతడు దొంగతనం అంటగట్టి ఆ పిల్లను కొడతాడు. కర్షకజీవనమనగానే పచ్చని చేలను, ఏరువాకను మాత్రమే తలచే విమర్శకులకు ఈ కథ ఒకింత ఇబ్బంది కలిగించక మానదు. నేలకూ మనిషికీ నడుమ ఆస్తిహక్కు నిలిచినపుడు ఎండుటాకు సైతం వివాదవస్తువవుతుంది. ఇందులో వర్ణన దాదాపు లేదు. ఆకులు ఏరే చేతులే ప్రకృతిని చూపుతాయి. ఆ పిల్లపై జాలి కురిపించే వాక్యం కోసం వెదకటం వ్యర్థం.

1968లో 'చాసో కథలు' సంపుటి వెలువడింది. వ్రాసిన కథల సంఖ్య స్వల్పమే. 1994లో ఆయన మరణించారు.