ముద్రల నడుమ ఒక జీవితము: రావి నారాయణరెడ్డి

ఒక మనుష్యుని గుణదోషములను విచారించి తెలిసికొనుటకు ఓపిక కావలెను. అతనికొక పేరు తగిలించుటకు ఓపిక అక్కరలేదు. రాజకీయ రంగమున ఈ పేరు తగిలించు అలవాటు మిక్కిలి ప్రబలినది. ఒకనిపై ముద్ర పడిన పిమ్మట అతడు చెప్పిన మాటలో సత్యమెంత యని అడుగువారు అరుదు. నల్లగొండ మండలమున జన్మించిన రావి నారాయణరెడ్డి గారి జీవితము ఇందులకు చక్కని నిదర్శనము. ఎనుబది మూడు సంవత్సరముల జీవితకాలములో ఆయనపై పడిన ముద్రలు అనేకములు. వానిలో కొన్ని ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధములు.

నారాయణరెడ్డి గారు 1908 జూన్ నెలలో నల్లగొండ జిల్లా భువనగిరి తాలూకా బొల్లేపల్లి గ్రామమున జన్మించిరి. వారిది భూస్వామి కుటుంబము. విద్యాభ్యాసము హైదరాబాదు నగరమున సాగెను. గాంధీ మహాత్ముని పిలుపు దేశమంతటను మ్రోగుచున్న ఆ కాలమున, 1930లో ఆయన కాకినాడకు పోయి ఉప్పు సత్యాగ్రహమున పాల్గొనెను. పిదప హరిజన సేవక సంఘమున చేరి, హరిజన విద్యార్థులకు వసతిగృహములు నడపెను. నాటి సమాజమున అగ్రవర్ణ భూస్వామి యింట పుట్టిన యువకుడు ఈ సేవకు పూనుకొనుట సామాన్య విషయము కాదు. ఆయన ప్రజాజీవితమునకు పునాది సేవయే; సిద్ధాంత పఠనము తరువాతిది.

నాటి నిజాము రాజ్యమున 'రాజకీయము' అను మాటయే ఒక నేరముగా నుండెను. గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు ప్రకారము సభ జరుపుటకు ముందుగా ప్రభుత్వానుమతి పొందవలెను. గ్రంథాలయము గూర్చి మాటలాడవచ్చును, పాఠశాల గూర్చి మాటలాడవచ్చును. కాని అధికారులకు రుచింపని కోరిక ఏదైనను 'రాజకీయము' అను పేర ఆగిపోవచ్చును. ఇట్టి కట్టుబాట్ల నడుమనే 1930లో జోగిపేటలో నిజాము రాష్ట్రాంధ్ర మహాసభ ప్రథమ సమావేశము జరిగెను. పాలమూరు మండలమునకు చెందిన గోలకొండ పత్రిక సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డి గారు దానికి అధ్యక్షులు. మరుసటి సంవత్సరము నల్లగొండ జిల్లా దేవరకొండలో జరిగిన ద్వితీయ సమావేశమునకు అదే పాలమూరు మండలమునకు చెందిన బూర్గుల రామకృష్ణారావు గారు అధ్యక్షత వహించిరి. ఈ పెద్దలు వేసిన బాటలోనే నారాయణరెడ్డి గారు మహాసభలో అడుగిడిరి.

ఆయనపై తొలి పెద్ద ముద్ర 1938లో పడెను. ఆ యేట హైదరాబాదు స్టేట్ కాంగ్రెసును స్థాపించుటకు సన్నాహములు జరుగుచుండగా, సంస్థ ఏర్పడకమునుపే, సెప్టెంబరు నెలలో ప్రభుత్వము దానిని నిషేధించెను. అది మతతత్త్వ సంస్థ యని ప్రభుత్వము చూపిన కారణము. బాధ్యతాయుత ప్రభుత్వము కావలెనన్న కోరిక మతమునకు సంబంధించినదా కాదా యను విచారణ జరుగనే లేదు. అక్టోబరులో సత్యాగ్రహము ఆరంభమైనప్పుడు గోవిందరావు నానల్ గారి నాయకత్వమున నిర్బంధమునకు సిద్ధపడిన తొలి దళములో నారాయణరెడ్డి గారు ఒకరు. అదే కాలమున ఆర్యసమాజము, హిందూ మహాసభ వేరుగా ఆందోళనలు సాగించుచుండుటచే, ప్రభుత్వము వేసిన ముద్రకు బలము చేకూరునను శంక కలిగెను. గాంధీజీ సలహాపై డిసెంబరులో సత్యాగ్రహము ఆపివేయబడెను. పేరు మార్చుకొన్నచో అనుమతి లభించునేమో యని నాయకులు చేసిన సంప్రదింపులును ఫలింపలేదు. ఆ నిషేధము 1946 వరకు తొలగలేదు. ఒక్క మాట చాటున ప్రజల కోరిక ఎనిమిదేండ్లు మరుగుపడియుండెను.

తరువాతి ముద్ర స్వజనులనుండి వచ్చినది. 1939లో ప్రభుత్వము ప్రకటించిన రాజ్యాంగ సంస్కరణలను అంగీకరింపవలెనా, తిరస్కరింపవలెనా యను ప్రశ్నపై ఆంధ్ర మహాసభ రెండు పక్షములుగా చీలెను. తిరస్కరింపవలెనన్న యువకులకు 'అతివాదులు' అనియు, నెమ్మదిగా సాగవలెనన్న పెద్దలకు 'మితవాదులు' అనియు పేర్లు స్థిరపడెను. నారాయణరెడ్డి గారు అప్పటికే కమ్యూనిస్టు భావములను స్వీకరించిరి. 1941లో నల్లగొండ జిల్లా చిలుకూరు సభకు అధ్యక్షులై, మహాసభను గ్రామములలోని రైతుల చెంతకు చేర్చుటకు పూనుకొనిరి. 1944లో భువనగిరి సభకు, 1945లో ఖమ్మము సభకు కూడ ఆయనయే అధ్యక్షులు. భువనగిరి సభలో సభ్యత్వ రుసుము ఒక్క అణాకు తగ్గించబడెను. జాతీయ పక్షమువారు వేరుపడి తమ సభలు తాము జరుపుకొనిరి.

నిదానించి చూచినచో వెట్టిచాకిరి పోవలెననుటలో ఇరుపక్షములకును భేదము లేదు. తెలుగునకు గౌరవము దక్కవలెననుటలో భేదము లేదు. భేదమున్నది మార్గమున, వేగమున, ఎవరి బలముపై ఆధారపడవలెనను నిర్ణయమున. అవి చిన్న భేదములు కావు; వానిపై చర్చ జరుగవలసినదే. అయితే అతివాది, మితవాది యను మాటలు ఆ చర్చను జరుగనీయలేదు. ఈ పక్షము ఆ పక్షమును తొందరపాటువారనెను. ఆ పక్షము ఈ పక్షమును భూస్వాముల కొమ్ముకాయువారనెను. ఈ దోషమునుండి నారాయణరెడ్డి గారి పక్షమును తప్పించుటకు వీలులేదు.

ఇంతలో ద్వితీయ ప్రపంచ యుద్ధము వచ్చెను. సోవియట్ దేశముపై హిట్లరు దండెత్తిన పిమ్మట కమ్యూనిస్టు పార్టీ ఆ యుద్ధమును ప్రజాయుద్ధమని ప్రకటించి, 1942 క్విట్ ఇండియా ఉద్యమమునకు దూరముగా నుండెను. వెంటనే 'అతివాదులు' సర్కారు మిత్రులను పేరు పొందిరి. ఆ యుద్ధనీతిని తప్పుపట్టుటకు తగిన కారణములు కలవు. కాని అదే కాలమున సంఘము పక్షమున పల్లెపల్లె తిరిగి వెట్టిని, అక్రమపు లేవీ వసూళ్లను ఎదిరించుచున్నవారు ఆ కార్యకర్తలే యను సంగతి ఆ ఒక్క మాటతో మరుగుపడెను.

ఆ పల్లెల స్థితి యెట్టిదో నేటి యువతకు తెలియవలెను. దొర యింటికి చాకలి, మంగలి, కుమ్మరి, గొల్ల, మాదిగ మొదలగు కులములవారు కూలి లేక పని చేయవలెను. రైతు తన పొలము వదలి దొర పొలము దున్నవలెను. విసునూరు దేశముఖు చేతిలో 40 వేల ఎకరముల భూమి ఉండెనని పుచ్చలపల్లి సుందరయ్య గారు వ్రాసిరి. 1946 జూలై 4వ తేదీన, నాడు నల్లగొండ జిల్లాలోనిదైన కడవెండి గ్రామమున, ఆ దేశముఖు మనుష్యుల కాల్పులలో దొడ్డి కొమరయ్య మరణించెను. ఆ యేటి చివర ప్రభుత్వము కమ్యూనిస్టు పార్టీని నిషేధించెను. 1947 సెప్టెంబరు 11న నారాయణరెడ్డి గారు, బద్దం ఎల్లారెడ్డి గారు, మఖ్దూం మొహియుద్దీన్ గారు కలసి సాయుధ పోరాటమునకు పిలుపునిచ్చిరి. ఒక భూస్వామి కుమారుడు, ఒక రైతు నాయకుడు, ఒక ఉర్దూ కవి ఒక్క ప్రకటనపై నిలిచిన ఆ సంఘటన, ఇది హిందూ ముస్లిముల తగవు అన్న ప్రచారమునకు తగిన సమాధానము.

1948 మే నెలలో నిజాము ప్రభుత్వము ఆకస్మికముగా కమ్యూనిస్టు పార్టీపై నిషేధమును ఎత్తివేసెను. దానితో కమ్యూనిస్టులు రజాకార్లతో చేతులు కలిపిరన్న నింద పుట్టెను. పల్లెలలో దళములకును రజాకార్లకును పోరు సాగుచుండగనే ఈ మాట పట్టణములలో వ్యాపించెను. సెప్టెంబరు 13న భారత సైన్యము ప్రవేశించెను. 17న నిజాము లొంగెను. సైన్యము నడపిన ఆ చర్యకు 'పోలీసు చర్య' అని పేరు పెట్టిరి. ఆ పేరును ఒక ముద్రయే. అది విన్నవారికి అంతయు స్వల్పముగా ముగిసినట్లు తోచును. ఆ దినములలోను తరువాతను 27 వేల నుండి 40 వేల వరకు ప్రజలు ప్రాణములు కోల్పోయిరని పండిత సుందర్‌లాల్ సంఘము అంచనా వేసెను. వారిలో అత్యధికులు ముస్లిములు. ఆ నివేదిక దశాబ్దముల పాటు వెలుగు చూడలేదు.

అటు పిమ్మట నల్లగొండ పల్లెలలో 'కమ్యూనిస్టు' అను మాటయే నిర్బంధమునకు చాలినంత కారణమయ్యెను. 1946 నుండి 1951 వరకు సాగిన పోరాటములో 4 వేలమంది మరణించిరనియు, 10 వేలకు పైబడినవారు మూడు నాలుగేండ్లు నిర్బంధ శిబిరములలో ఉండిరనియు సుందరయ్య గారి లెక్క. వారిలో సిద్ధాంతము నెరిగినవారెందరో, భూమి కొరకు, వెట్టినుండి విముక్తి కొరకు నిలిచిన సామాన్యులెందరో ఆ ముద్ర వేరుచేసి చూడలేదు.

ఈ దశలోనే నారాయణరెడ్డి గారి నిబ్బరము వెల్లడియైనది. నిజాము పాలన ముగిసిన పిమ్మట సాయుధ పోరాటమును కొనసాగించుట ప్రజలకు మేలు చేయదని ఆయన అభిప్రాయపడిరి. తానే పిలుపునిచ్చిన పోరాటమును విరమింపవలెనని తన పార్టీలోనే వాదించుట సులభము కాదు. పార్టీలో ఒక వర్గము ఆయనను వెనుకకు తగ్గినవానిగా, మితవాదిగా గణించెను. పదేండ్ల క్రిందట అతివాది యని పేరు పొందిన మనిషి, స్థానము మారకయే, మితవాది ఆయెను. 1951 అక్టోబరులో పార్టీ పోరాటమును విరమించెను. అప్పటికి ఎన్ని ప్రాణములు పోయినవో తలచినచో, ఆ వాదమును ముద్రతో తోసివేయక ముందుగనే వినియుండవలసినదని తోచకమానదు.

1952లో తొలి సార్వత్రిక ఎన్నికలు జరిగెను. హైదరాబాదు రాష్ట్రమున కమ్యూనిస్టు పార్టీపై నిషేధము ఉండుటచే, ఆ పార్టీవారు పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంట్ అను పేరున పోటీచేసిరి. నల్లగొండ లోక్‌సభ స్థానమునుండి నారాయణరెడ్డి గారికి 3 లక్షల 9 వేలకు పైగా ఓట్లు లభించెను. పండిత నెహ్రూ గారికి వచ్చిన ఓట్లకంటె అవి ఎక్కువ. ఇరువురి స్థానములును ఇద్దరేసి సభ్యులను ఎన్నుకొను స్థానములే కావున ఈ పోలిక అసంగతము కాదు. పార్టీ పేరు మారినను మనిషి ఎవరో నల్లగొండ ప్రజలు ఎరుగుదురు. వెట్టిని ఎదిరించినవాడని వారి గురుతు.

మితవాది యని పేరుపడిన బూర్గుల రామకృష్ణారావు గారు అదే సంవత్సరము హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి యైరి. ఆయన పాలనలో 1954లో కౌలుదారీ చట్టమునకు చేసిన సవరణలు రక్షిత కౌలుదారులకు భూమి కొనుగోలు హక్కును బలపరచి, భూపరిమితి భావమును చట్టములో ప్రవేశపెట్టెను. అమలులో లోపములు లేకపోలేదు. అయినను మితవాది భూసంస్కరణకు చట్టము చేసెను. అతివాది తుపాకి దించుమని వాదించెను. పేర్లను పట్టుకొని వీరిని తెలిసికొనదలచిన వారికి ఈ రెండును అర్థము కావు.

నారాయణరెడ్డి గారు 1957లో భువనగిరి నుండి శాసనసభకును, 1962లో నల్లగొండ నుండి మరల లోక్‌సభకును ఎన్నికైరి. 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలినప్పుడు ఆయన భారత కమ్యూనిస్టు పార్టీలోనే నిలిచిరి. పత్రికలు ఆ పక్షమును మితవాద కమ్యూనిస్టులని వ్రాయసాగెను. ఆయన 1991 సెప్టెంబరు 7న కన్నుమూసిరి. 1992లో కేంద్రప్రభుత్వము ఆయనకు మరణానంతరము పద్మవిభూషణ పురస్కారము ప్రకటించెను. ఆ యేటి జాబితాలోనే అటల్ బిహారీ వాజపేయి గారి పేరును, కాళోజీ నారాయణరావు గారి పేరును కలవు. ఒకప్పుడు ఏ రాజ్యము చెరలో పెట్టదలచెనో అదే భారత రాజ్యము ఆయనను సత్కరించెను.

ముద్రల తగవు నేటికిని తీరలేదు. 1948 సెప్టెంబరు 17ను ఏమని పిలువవలెనన్న వాదము సాగుచునే యున్నది. 2022లో కేంద్రప్రభుత్వము దానిని విమోచన దినముగా జరుపగా, నాటి రాష్ట్రప్రభుత్వము జాతీయ సమైక్యతా దినముగా జరిపెను. 2024లో తరువాతి రాష్ట్రప్రభుత్వము ప్రజాపాలన దినోత్సవమనెను. విలీనమనువారు, విద్రోహమనువారు వేరుగా కలరు. ఒక్కొక్క పేరులో కొంత సత్యమున్నది. ఏ పేరును కడవెండి రైతు కథనంతయు చెప్పజాలదు.

పేర్లు లేక లోకవ్యవహారము నడువదు. నారాయణరెడ్డి గారు కమ్యూనిస్టునని తామే చెప్పుకొనిరి. అది వారి విశ్వాసము, దానిని దాచలేదు. ఆ విశ్వాసమును అంగీకరించుటయో, ఖండించుటయో ఎవరి ఇష్టము వారిది. కాని ఖండించుటకైనను ముందు ఆయన ఏమి కోరెనో, ఏ కష్టమును చూచి కోరెనో తెలిసికొనవలెను. గృహములందును, మఠములందును, సభలందును పెద్దలు పిన్నలకు నేర్పదగిన అలవాటు ఇది: ఎదుటివానికి పేరు పెట్టుటకు ముందు అతడు ఎవరి ఆకలి గూర్చి మాటలాడుచున్నాడో అడిగి తెలిసికొనుట.