వీలునామాలో లేని పేరు

ఒకే తండ్రికి పుట్టిన ఇద్దరు కుమార్తెలలో ఒకరు వారసురాలు, మరొకరు ఆ వారసత్వంలోని ఆస్తి. వలస పాలనలోని వర్జీనియాలో ఇది చట్టసమ్మతమే. సాలీ హెమింగ్స్ జీవితం అందుకు సాక్ష్యం.

సాలీ 1773లో జన్మించింది. తల్లి ఎలిజబెత్ హెమింగ్స్ బానిస. తల్లి యజమాని, న్యాయవాది, తోటల ఆసామి అయిన జాన్ వేల్స్ ఆమెకు తండ్రి అని చరిత్రకారులు అంగీకరిస్తున్నారు. అదే ఏడాది వేల్స్ మరణించాడు. ఆస్తి పంపకంలో ఆయన పెద్ద కుమార్తె మార్తాకు, తద్వారా ఆమె భర్త థామస్ జెఫర్సన్‌కు, సుమారు 11,000 ఎకరాల భూమి, 135 మంది బానిసలు, వారితోపాటు భారీ అప్పులు సంక్రమించాయి. ఆ 135 మందిలో పసిబిడ్డ సాలీ ఒకతె. అక్క ఇంటికే ఆమె ఆస్తిగా చేరింది.

ఇంగ్లండ్ సంప్రదాయం ప్రకారం బిడ్డకు తండ్రి హోదా దక్కాలి. అయితే బిడ్డ స్థితి తల్లి స్థితినే అనుసరిస్తుందని వర్జీనియా శాసనసభ 1662లో చట్టం చేసింది. భూమి, ఇంటిపేరు తండ్రి వైపు నుంచి. దాస్యం తల్లి వైపు నుంచి. యజమాని తన బానిస స్త్రీకి కన్న బిడ్డ పట్ల అతనికి తండ్రి బాధ్యత లేకుండా పోయింది. పైగా ఆ బిడ్డ అతని సంపదలో చేరింది. 1705 చట్టం వారసత్వ విషయంలో బానిసలను భూమివలె స్థిరాస్తిగా పరిగణించింది. స్త్రీలనే కాదు, వారికి ఇక ముందు పుట్టబోయే సంతానాన్ని కూడా కుటుంబ వీలునామాలు వారసులకు రాసి ఇచ్చాయి.

1787లో, పద్నాలుగేళ్ల వయసులో, సాలీ జెఫర్సన్ చిన్న కుమార్తెకు తోడుగా పారిస్ చేరింది. అక్కడి న్యాయస్థానాన్ని ఆశ్రయించి ఆమె స్వేచ్ఛ పొందగలిగేది. ఆమె కుమారుడు మాడిసన్ తర్వాతి కాలంలో చెప్పిన ప్రకారం, అప్పటికే గర్భవతి అయిన ఆమె తిరిగి వెళ్లడానికి నిరాకరించింది. పుట్టబోయే పిల్లలకు ఇరవై ఒక్క ఏళ్లు నిండితే విముక్తి కల్పిస్తానని జెఫర్సన్ మాట ఇచ్చాకనే 1789లో వర్జీనియాకు మరలింది. బేరమాడగలిగిన ఆ ఒక్క క్షణంలో ఆమె కోరినది తల్లి ద్వారా సంక్రమించే దాస్యం తన పిల్లలతో ముగియాలనే. ఆమె సంతానంలో నలుగురు పెరిగి పెద్దవారయ్యారు. నలుగురూ స్వేచ్ఛ పొందారు.

మనుషులందరూ సమానులని ప్రకటించిన పత్రాన్ని రచించిన జెఫర్సన్ తన జీవితకాలంలో 600 మందికి పైగా మనుషులకు యజమాని. 1826 జులై 4న మరణించిన ఆయన తన వీలునామాలో ఐదుగురు పురుషులకు మాత్రమే విముక్తినిచ్చాడు. వారిలో సాలీ కుమారులు మాడిసన్, ఎస్టన్ ఉన్నారు. సాలీ పేరు లేదు. మిగిలినవారిలో 130 మందిని, అప్పులు తీర్చేందుకు, 1827 జనవరిలో వేలానికి పెట్టారు. విముక్తుడైన కమ్మరి జో ఫాసెట్ తన భార్యాబిడ్డలు అమ్ముడుపోవడం చూడవలసి వచ్చింది. జెఫర్సన్ కుమార్తె అనధికారికంగా వెళ్లనివ్వగా, సాలీ తన కుమారుల వద్ద నివసించి 1835లో కన్నుమూసింది.

మాడిసన్ 1873లో ఒహాయోలోని ఒక పత్రికకు తన కుటుంబ చరిత్ర చెప్పాడు. వందేళ్లకు పైగా పండితులలో అధికులు ఆ సాక్ష్యాన్ని తోసిపుచ్చారు. 1998లో జరిగిన డీఎన్ఏ పరీక్ష దానికి బలం చేకూర్చాక గానీ వారి అభిప్రాయం మారలేదు. అదే 1873లో జోతిరావు ఫూలే తన 'గులాంగిరి'ని ప్రచురించి, నల్లవారిని బానిసత్వం నుంచి విడిపించిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. పుట్టుకతోనే మనిషి స్థానాన్ని నిర్ణయించే వ్యవస్థ ఆయనకు పరాయిది కాదు.

ఒక యజమాని దయాళువా, క్రూరుడా అన్న చర్చ వద్ద ఆగిపోతే ఈ వ్యవస్థ అర్థం కాదు. దయ ఐదుగురిని విడిచిపెట్టింది. వారసత్వ చట్టం 130 మందిని వేలం వేసింది. కులాన్ని చదివే విద్యార్థి కూడా మొదట అడగవలసినది అదే: భూమి ఎవరికి వారసత్వంగా వచ్చింది, చాకిరీ ఎవరికి వచ్చింది?