సముద్రపు బురదలో మంచుయుగాల చిట్టా.. ఎవరీ ఎమిలియాని?

మంచుయుగాలు నాలుగే.. 1950ల దాకా చాలామంది శాస్త్రవేత్తల లెక్క ఇదే. దాన్ని తిరగరాసింది చెజారే ఎమిలియాని. 1922లో ఇటలీలోని బొలోన్యాలో పుట్టారు. షికాగోలో హెరాల్డ్ యూరే ల్యాబ్‌లో చేరి, సముద్రం అడుగు నుంచి గొట్టాలతో తీసిన బురద మీద పడ్డారు. అందులో ఇసుక రేణువంత ఫొరామినిఫెరా జీవుల గుల్లలుంటాయి. నీళ్లు చల్లబడితే గుల్లలో ఆక్సిజన్-18 పాళ్లు పెరుగుతాయి. అంటే గుల్లే థర్మామీటరన్నమాట! పొర పొరా కొలిస్తే చలి, వేడి చాలాసార్లు వచ్చిపోయినట్లు తేలింది. 1955లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

అయితే ఓ చిక్కు. ఆ మార్పులో ఎక్కువ భాగం వేడిమిది కాదు, నేలమీద పేరుకున్న మంచుదని 1967లో నికొలస్ షాకల్టన్ చూపించారు. డిగ్రీల లెక్క మారింది.. మంచుయుగాల వరుస మాత్రం నిలబడింది. తర్వాత మయామీలో పనిచేసిన ఎమిలియాని 1995లో కన్నుమూశారు. చల్లని, వెచ్చని దశలకు ఆయన ఇచ్చిన నంబర్లే ఇప్పటికీ వాడుతున్నారు. మనం ఇప్పుడున్నది 1వ నంబర్‌లో.