ఫోన్ తీగకు హద్దు గీసిన షానన్

మీరు నెట్‌వర్క్ సపోర్ట్ ఉద్యోగంలో కొత్తగా చేరారనుకోండి. ఆగస్టు నెల, రాత్రి పదకొండు గంటలు, బయట వాన. ద్రాక్షారామంలోని ఒక చిన్న ఆఫీసుకు వెళ్లే ఫైబర్ తెగిపోయింది. అక్కడి పాత రౌటర్‌లో అనలాగ్ మోడెం కార్డు ఒకటి ఉంది. మెయిన్ లైన్ పోయినప్పుడు ల్యాండ్‌లైన్ మీదుగా రౌటర్‌లోకి వెళ్లడానికి పెట్టిన కార్డు అది. మీ దగ్గరున్న మోడెంతో డయల్ చేశారు. కీచుమని అరిచి కలిసింది. కానీ వేగం సెకనుకు 16,800 బిట్లే. కార్డు మీదేమో 56 కే అని రాసి ఉంది. మేనేజర్ లైన్లోనే ఉన్నారు, స్పీడెందుకు రావట్లేదని అడుగుతున్నారు. మీరేం చేస్తారు?

చాలామంది కాన్ఫిగరేషన్ మీద పడతారు. రౌటర్‌కీ మోడెంకీ మధ్య స్పీడును 1,15,200కు పెంచుతారు. రీలోడ్ కొడతారు. మళ్లీ అదే 16,800. ఎందుకు పెరగదో 1948లోనే ఒకాయన లెక్క కట్టి చెప్పారు. ఆయన పేరు క్లాడ్ షానన్. ఆయన కథ తెలిస్తే ఈ రాత్రి మీకు సగం పని తప్పుతుంది.

షానన్ 1916 ఏప్రిల్ 30న అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో పుట్టారు. పెరిగింది గేలార్డ్ అనే చిన్న ఊళ్లో. తల్లి అక్కడి హైస్కూల్లో పనిచేసేవారు. చిన్నప్పుడే ఆయన అర మైలు దూరంలో ఉన్న స్నేహితుడి ఇంటికి టెలిగ్రాఫ్ లైన్ వేశారు. తీగ కొనలేదు. పొలాలకు వేసిన ముళ్లకంచెనే తీగగా వాడుకున్నారు. ఉన్న తీగతో ఎంత పని చేయించవచ్చు అన్న ప్రశ్న ఆయనకు అప్పటినుంచే ఉందన్నమాట.

1932లో మిషిగన్ యూనివర్సిటీలో చేరి, 1936లో బయటికొచ్చేసరికి చేతిలో రెండు డిగ్రీలున్నాయి. ఒకటి ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్, ఇంకోటి గణితం. తర్వాతేంటి? మీలాగే ఆయనా నోటీసు బోర్డు చూశారు. ఎంఐటీలో ఒక పెద్ద లెక్కల యంత్రాన్ని నడపడానికి సహాయకుడు కావాలని బోర్డుకు అంటించిన కార్డు కనిపించింది. అప్లై చేశారు, ఉద్యోగం వచ్చింది.

ఆ యంత్రం వానెవార్ బుష్ రూపొందించిన డిఫరెన్షియల్ అనలైజర్. పళ్లచక్రాలు, ఇరుసులతో లెక్కలు చేసేది. దాన్ని అదుపు చేసేందుకు వందదాకా రిలేలు ఉండేవి. రిలే అంటే కరెంటుతో తెరుచుకుని మూసుకునే స్విచ్. అప్పట్లో రిలే సర్క్యూట్లను అనుభవంతో, అందాజాగా గీసేవారు. షానన్ డిగ్రీలో ఫిలాసఫీ క్లాసుకు వెళ్లినప్పుడు జార్జ్ బూల్ తర్కం నేర్చుకున్నారు. నిజం, అబద్ధం అనే రెండే విలువలున్న ఆ తర్కం, తెరిచిన స్విచ్, మూసిన స్విచ్ ఒకటేనని ఆయనకు తట్టింది. 21 ఏళ్ల వయసులో, 1937లో, అదే మాస్టర్స్ థీసిస్‌గా రాశారు. మీరు డిజిటల్ లాజిక్ పేపర్‌లో గీసే ప్రతి సర్క్యూట్‌కూ మూలం అక్కడుంది. పనికిరాదనుకుని మనం బంక్ కొట్టే క్లాసు లాంటిదే ఆ ఫిలాసఫీ క్లాసు కూడా!

1940లో పీహెచ్‌డీ పూర్తయింది. 1941లో బెల్ ల్యాబ్స్‌లో చేరారు. యుద్ధకాలంలో ఫిరంగుల గురి, రహస్య సందేశాల మీద పనిచేశారు. మిగిలిన సమయంలో మాత్రం ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చున్నారు. రొద ఉన్న తీగ మీద సందేశం ఎంత వేగంగా, ఎంత తప్పుల్లేకుండా వెళ్లగలదు? నైక్విస్ట్, హార్ట్‌లీ అనే బెల్ ఇంజినీర్లు 1920ల్లోనే దీనికి పునాది వేశారు. షానన్ దాన్ని 1948లో, బెల్ సంస్థ పత్రికలో వచ్చిన పేపర్‌తో పూర్తి చేశారు. బిట్ అనే మాట అచ్చులోకి వచ్చింది ఆ పేపర్‌తోనే. ఆ మాట పుట్టించింది తన సహోద్యోగి జాన్ టుకీ అని అందులోనే చెప్పారు.

ఆ పేపర్‌లోని అసలు విషయం గోదావరి డెల్టా వాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. పొలం దగ్గర తూము ఎంత పెద్దదైనా పెట్టుకోండి, కాలువలో వచ్చే నీళ్లే వస్తాయి. కాలువకు ఒక హద్దుంది. అలాగే ప్రతి తీగకూ ఒక హద్దుంటుంది. దాన్ని రెండే నిర్ణయిస్తాయి. ఒకటి, తీగ మోయగల ఫ్రీక్వెన్సీల వెడల్పు. రెండోది, రొద కంటే సిగ్నల్ ఎన్ని రెట్లు బలంగా ఉందన్నది. ఆ రెట్లకు ఒకటి కలిపి, రెండు ఆధారంగా లాగరిథం తీసి, వెడల్పుతో గుణిస్తే సెకనుకు ఎన్ని బిట్లో వచ్చేస్తుంది.

ఇప్పుడు ద్రాక్షారామం లైన్‌కు ఈ లెక్క వేయండి. ఫోన్ లైన్ మోసేది సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకు, అంటే 3,100 హెర్ట్జ్ వెడల్పు. లైన్ శుభ్రంగా ఉండి సిగ్నల్ రొద కంటే 1,000 రెట్లు, అంటే 30 డెసిబెళ్లు బలంగా ఉంటే హద్దు దాదాపు 30,900 బిట్లు. వానకు ఏ గుంతలోనో కేబుల్ జాయింట్‌లోకి నీళ్లు చేరి, ఆ బలం 100 రెట్లకు, అంటే 20 డెసిబెళ్లకు పడిపోతే హద్దు 20,600కు దిగిపోతుంది. నిజం మోడెం ఆ హద్దుకు కాస్త కిందే పనిచేస్తుంది. మీకు కనబడిన 16,800 ఇప్పుడు వింతగా అనిపించట్లేదు కదా? మీరు పెంచిన 1,15,200 పొలం దగ్గరి తూము లాంటిది, అంతే.

మరి 56 కే సంగతేంటి? అది అవతలి చివర ఎక్స్ఛేంజికి డిజిటల్‌గా కలిసి ఉన్నప్పుడు, అదీ అటునుంచి మీవైపు వచ్చే డేటాకు మాత్రమే. రెండు చివరలా అనలాగ్ మోడెంలే ఉంటే గరిష్ఠం 33,600. ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న వస్తే ఈ రెండు వాక్యాలు చాలు.

షానన్ హద్దు గీసి ఊరుకోలేదు. ఆ హద్దు లోపల ఉన్నంతవరకు, సందేశాన్ని తగిన విధంగా కోడ్ చేస్తే తప్పుల్ని మనం కోరినంత తగ్గించవచ్చని నిరూపించారు. ఆ కోడ్ ఎలా తయారుచేయాలో మాత్రం చెప్పలేదు. ఇంజినీర్లు అది వెతుక్కుంటూ దశాబ్దాలు నడిచారు. 1962లో 300 బిట్లు, 1984లో 9,600, 1994లో 28,800, 1996లో 33,600. గమ్యం ఉందని ముందే తెలియబట్టే వాళ్లు అన్నేళ్లు ఓపికపట్టారు.

షానన్ మాత్రం మనసుకు నచ్చిన పనులు చేసుకుంటూ గడిపారు. 1950లో చిక్కుదారిలో తోవ వెతుక్కునే బొమ్మ ఎలుకను తయారుచేశారు. ఒంటిచక్రం సైకిల్ తొక్కేవారు. బంతుల్ని గాల్లో ఎగరేసి పట్టే విద్య మీద ఏకంగా గణితమే రాశారు. 1956 నుంచి ఎంఐటీలో ఉండి, 1978లో రిటైరయ్యారు. చివరి రోజుల్లో ఆల్జీమర్స్ వచ్చింది. ఇంటింటికీ మోడెంలు చేరి, ఆయన గీసిన హద్దు దగ్గరిదాకా వెళుతున్న కాలంలో, ఆ సంగతి తెలుసుకునే స్థితిలో ఆయన లేరు. 2001 ఫిబ్రవరి 24న కన్నుమూశారు.

మోడెం కార్డులు ఇక ఎవరికి కావాలి అంటారా? వైఫై, 4జీ, 5జీ అన్నీ ఇదే లెక్క కింద నడుస్తాయి. సిగ్నల్ పడిపోతే మీ ఫోన్ స్పీడు తగ్గేది ఇందుకే. అంకెలు మారతాయి, సూత్రం మారదు.

మళ్లీ ఆ రాత్రికి వద్దాం. మోడెం కలిసిందంటేనే కార్డు, డయల్ టోన్, కాన్ఫిగరేషన్ మూడూ పనిచేస్తున్నట్టు. అసలు కలవకపోతే అప్పుడు మోడెంకు ఏటీ అని పంపి, ఓకే అని జవాబొస్తోందో లేదో చూడాలి. జవాబొచ్చినా డయల్ టోన్ లేదని చెబితే ఫోన్ లైన్, కార్డులోని దేశం సెట్టింగ్ చూడాలి. మీ సమస్య అది కాదు. కాల్ కట్ చేసి, అదే సాకెట్‌లో మామూలు ఫోన్ పెట్టి, ఒక అంకె నొక్కి వినమని అక్కడి ఉద్యోగికి చెప్పండి. డయల్ టోన్ ఆగాక నిశ్శబ్దం ఉండాలి. చిటపటలు, గరగరలు వినబడితే దొంగ దొరికినట్టే. పక్కన పెట్టిన ప్యారలల్ ఫోన్, పొడవాటి ఎక్స్‌టెన్షన్ వైరు తీయించి మళ్లీ వినమనండి. అయినా ఉంటే తప్పు బయటి లైన్‌లో ఉంది. తెల్లారాక లైన్‌మన్ రావాల్సిందే. అప్పటిదాకా మోడెం వేగాన్ని 14,400కే కట్టేయండి. పదేపదే తెగే 16,800 కంటే నిలబడే 14,400 నయం.

ఇక మేనేజర్‌కు చెప్పండి. కార్డు బాగుందని, కాన్ఫిగరేషన్ బాగుందని, లైన్‌లో రొద ఉందని, ఈ రాత్రికి ఇంతకంటే రాదని, పనికి మాత్రం ఇది సరిపోతుందని. మొదటి ఉద్యోగంలో, అర్ధరాత్రి, గొంతు వణక్కుండా ఆ మాట చెప్పగలిగారంటే, అది షానన్ లెక్క మీ వెనకుండబట్టే.