నెల్సన్ అన్నండేల్ – మంచినీటి హైడ్రా

మీరు విజయవాడలో రైలెక్కి హౌరాలో దిగారనుకోండి. ఎదురుగా హుగ్లీ నది కనిపిస్తుంది. వంతెన దాటితే కలకత్తా, అంటే నేటి కోల్‌కతా. 1904లో నెల్సన్ అన్నండేల్ ఇండియన్ మ్యూజియంలో ఉద్యోగానికి వచ్చేనాటికి అక్కడ ఉన్నది పడవలపై తేలే వంతెన. హౌరాలోనూ, కలకత్తాలోనూ ఇళ్ళ మధ్య చెరువులుంటాయి. వాటిని బెంగాలీలు పుకూర్ అంటారు. మ్యూజియం ఆవరణలో కూడా అలాంటి చెరువు ఒకటి ఉండేది. అన్నండేల్‌కు అదే ప్రయోగశాల అయింది.

ఆయన 1876లో స్కాట్లండులోని ఎడింబరోలో జన్మించారు. ఆక్స్‌ఫర్డులో చదివి, మలయా ప్రాంతంలో కొంతకాలం జంతువులను సేకరించారు. అప్పట్లో మన చెరువుల్లోని చిన్న జీవుల గురించి తెలుసుకోవాలంటే యూరపు జీవులపై రాసిన పుస్తకాలే ఆధారం. మన హైడ్రా, వారి హైడ్రా ఒకటేనా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవారు లేరు.

హైడ్రాను మీరూ చూడవచ్చు. చలికాలంలో చెరువులోని నాచును, కొంత నీటితో సహా గాజు సీసాలో వేసి కదపకుండా ఉంచండి. కొన్ని గంటల తర్వాత గాజుకు అంటుకొని, దారం ముక్కలాంటి జీవి కనిపించవచ్చు. దాని నోటి చుట్టూ సన్నని స్పర్శకాలుంటాయి.

దీని శరీరం ఎంత సరళమో గమనించండి. గోడలో రెండే కణ స్తరాలు: బయట బహిస్త్వచం, లోపల అంతస్త్వచం. రెండింటి మధ్య కణాలు లేని జిగురు పొర ఉంటుంది. దానిని మీసోగ్లియా అంటారు. బహిస్త్వచంలో దంశకణాలున్నాయి. నీటి ఈగ తగిలిందంటే, దంశకణంలోని గుళికలో చుట్టుకొని ఉన్న దారం ఒక్కసారిగా బయటికి దూసుకువస్తుంది. ఒకసారి పేలిన గుళిక మళ్ళీ పనికిరాదు. కొత్త దంశకణాలను ఇవ్వడానికి మూలకణాలు సిద్ధంగా ఉంటాయి. నాడీకణాలు, బీజకణాలు కూడా వాటినుండే వస్తాయి. లోపలి స్తరంలోని గ్రంథి కణాలు ఆహారాన్ని కరిగించే రసాన్ని స్రవిస్తాయి. పక్కనున్న పోషక కణాలు ఆ ముక్కలను మింగి జీర్ణం చేసుకుంటాయి. హైడ్రాకు మెదడు లేదు, రక్తమూ లేదు. రెండు స్తరాలకూ నీరు తగులుతూనే ఉంటుంది కనుక ఊపిరికి వేరే అవయవం అక్కరలేదు.

అన్నండేల్ 1905లో కలకత్తా హైడ్రాను కొత్త జాతిగా భావించి హైడ్రా ఓరియంటాలిస్ అని పేరు పెట్టారు. తర్వాత కూడా పరిశీలన ఆపలేదు. 1911లో మంచినీటి స్పంజికలు, హైడ్రాలు మొదలైన వాటిపై పెద్ద గ్రంథం ప్రచురించారు. అందులో తన హైడ్రాను వేరే జాతిగా కాక, యూరపులో కూడా ఉన్న హైడ్రా వల్గారిస్‌కు ఒక రూపంగా చేర్చారు. తాను పెట్టిన పేరును తానే తగ్గించుకోవడం శాస్త్రవేత్తలకు అంత సులభం కాదు!

హౌరా రైలు మార్గంలో మీకు కనిపించే చిలకా సరస్సును కూడా ఆయన స్టాన్లీ కెంప్‌తో కలిసి పరిశోధించారు. జంతుశాస్త్ర పరిశోధనకు ప్రత్యేక సంస్థ ఉండాలని కృషి చేశారు. 1916లో భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ ఏర్పడింది. ఆయనే తొలి సంచాలకులు. లాహోరులో చదువుకొన్న సుందర్ లాల్ హోరాను ఆ సంస్థలోకి రప్పించినది కూడా ఆయనే. 1924లో బెంగుళూరులో జరిగిన భారత సైన్సు కాంగ్రెసుకు అన్నండేల్ అధ్యక్షత వహించారు. అదే ఏడాది ఏప్రిల్‌లో కలకత్తాలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 47 ఏళ్ళు. హోరా 1947లో ఆ సంస్థకే సంచాలకులయ్యారు.