యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (1895 జనవరి 12 - 1948 ఆగస్టు) సుప్రసిద్ధ జీవరసాయన శాస్త్రవేత్త. గర్భిణులకు అత్యవసరమైన ఫోలిక్ ఆమ్లాన్ని ఇతని నేతృత్వంలోని బృందం ప్రయోగశాలలో తయారుచేసింది. బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్ కార్బమజీన్ కూడా ఇతని బృందం కృషి ఫలితమే.

బాల్యం, విద్య

సుబ్బారావు కొల్లేరు సరస్సుకు తూర్పున ఉన్న భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించాడు. మద్రాసులో మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణుడయ్యాడు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురైనందున, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే లభించింది. ఇతని సోదరులిద్దరు స్ప్రూ వ్యాధితో మరణించారు. పేగులు పోషకాలను గ్రహించలేని ఆ వ్యాధిలో ఫోలిక్ ఆమ్లం లోపిస్తుందని తరువాతి కాలంలో తెలిసింది.

పరిశోధనలు

1920ల ఆరంభంలో అమెరికా వెళ్ళి, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్ పరిమాణాన్ని కొలిచే పద్ధతిని రూపొందించాడు (1925). కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీలపై వీరి పరిశోధనలు ప్రసిద్ధి చెందాయి. 1940లో లెడర్లే సంస్థలో చేరాడు.

ఫోలిక్ ఆమ్లం

బొంబాయి మిల్లు కార్మిక స్త్రీలలో గర్భకాలపు రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్, అది ఆహారలోపం వల్ల కలుగుతున్నదని, ఈస్టు సారంతో నయమవుతున్నదని 1931లో ప్రకటించింది. ఆ సారంలోని పదార్థం ఏమిటో అప్పటికి తెలియదు. 1941లో పాలకూర నుండి వేరుచేసిన విటమినుకు ఆకు అనే అర్థంగల లాటిన్ పదం నుండి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. 1945లో లెడర్లే బృందం దానిని కృత్రిమంగా తయారుచేసింది.

గర్భస్థ శిశువుపై ప్రభావం

శిశువు మెదడు, వెన్నుపాములుగా మారే నాళం గర్భధారణ జరిగిన 28 రోజులలోపే మూసుకొంటుంది. అప్పటికి చాలమంది స్త్రీలకు తాము గర్భవతులమని తెలియదు. లోగడ ఇటువంటి లోపమున్న శిశువును కన్న తల్లులకు ఫోలిక్ ఆమ్లం ముందునుండే ఇస్తే, ఆ లోపం మళ్ళీ కలగడం 72 శాతం తగ్గుతుందని 1991లో ఏడు దేశాల అధ్యయనం నిరూపించింది. ఇందుకు భిన్నంగా, ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకొనే అమినోప్టెరిన్ పిల్లల ల్యుకేమియాకు మందుగా ఉపయోగపడినా, గర్భిణులకిస్తే శిశువుకు హాని చేస్తుందని 1950లలో తేలింది. ఇది కూడా సుబ్బారావు బృందం తయారుచేసినదే. మాంసకృత్తులు తక్కువైన ఆహారం తిన్న తల్లి ఎలుకల పిల్లలలో ఒత్తిడి హార్మోన్లను గ్రహించే జన్యువు పనితీరు మారుతుందని, తల్లికి ఫోలిక్ ఆమ్లం అదనంగా ఇస్తే ఆ మార్పు నివారింపబడుతుందని 2005లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. మానవులలోనూ ఇట్లే జరుగుతుందని దీనినిబట్టి నిర్ధారించలేము.

తోటకూర, పాలకూర, పెసలు, మినుములలో ఈ విటమిను సమృద్ధిగా లభిస్తుంది. ఆకుకూరలను ఎక్కువసేపు ఉడికించి నీరు వార్చితే చాలవరకు నశిస్తుంది.

మరణం, గుర్తింపు

సుబ్బారావు స్వదేశానికి తిరిగి రాకుండానే 53వ ఏట అమెరికాలో మరణించాడు. 1995లో భారత ప్రభుత్వం ఇతని స్మారకంగా తపాలా బిళ్ళ విడుదల చేసింది. 2018 నాటి రక్తహీనత నివారణ కార్యక్రమం ప్రకారం గర్భిణులకు నాల్గవ నెల నుండి రోజూ 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం గల మాత్ర ఇవ్వాలి. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు లంక గ్రామాల తల్లులకు అందే మాత్ర కూడా ఇదే.